మెదడును తాకే విశ్వకిరణాలు

శబరీ తీరాన, సుక్మా అడవులపై ఆకాశం నిర్మలంగా ఉన్న కొన్ని సంధ్యవేళల్లో ఒక చుక్క చప్పుడు లేకుండా సాగిపోతుంది. అది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. హైదరాబాదు మూలాలున్న రాజాచారి 2021–22లో అందులో దాదాపు 177 రోజులు గడిపారు. అంత ఎత్తున కూడా భూమి అయస్కాంత క్షేత్రం గొడుగులా కాపాడుతుంది. అంగారకుడి దారిలో ఆ గొడుగు లేదు.

1969లో అపోలో-11 యాత్రికులకు చీకట్లో, కళ్లు మూసినా, మెరుపులు కనిపించాయి. విశ్వకిరణాలు కంటిని దూసుకుపోవడమే అందుకు కారణం. మరి కంటిని దాటిన కిరణం మెదడును విడిచిపెడుతుందా?

2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుల బృందమొకటి చిట్టెలుకలపై ఆక్సిజన్, టైటానియం అయాన్లను ప్రయోగించిన ఫలితాలు ప్రకటించింది. కొన్ని వారాలకు నాడీకణాల శాఖలు పలచబడ్డాయి. చూసిన వస్తువేదో, కొత్తదేదో ఎలుకలు పోల్చుకోలేకపోయాయి! అయితే ఎలుకలకు నిమిషాల్లో తగిలిన మోతాదు మనిషికి నెలల తరబడి అందుతుంది. రెండూ ఒకటే అనడం తొందరపాటు.

దళసరి లోహపు గోడ కట్టుకుంటే సరిపోదా? బరువైన కణాలు దానికి తగిలి, చిట్లి, మరిన్ని కణాలను వెదజల్లుతాయి. అందుకే ఇంజనీర్లు హైడ్రోజన్ అధికంగా ఉండే నీటివైపు, పాలిథిన్ వైపు చూస్తున్నారు.