సర్వే చూసి పందెమా?

లగడపాటి రాజగోపాల్ సర్వే అంటే ఒకప్పుడు తిరుగులేని మాట. ‘ఆంధ్రా ఆక్టోపస్’ అని పేరు కూడా పెట్టారు. 2018లో తెలంగాణలో ప్రజాకూటమికే మొగ్గు అన్నారు. 119 సీట్లలో టీఆర్‌ఎస్‌కు 88 వచ్చాయి. 2019లో ఏపీలో టీడీపీ అన్నారు. 175లో వైసీపీకి 151.

తప్పెక్కడ? అడిగేది కొద్దిమందిని. వాళ్లలోనూ మనసులో మాట బయటపెట్టేవాళ్లు తక్కువ. అలా వచ్చిన శాతాన్ని సీట్లుగా మార్చడం ఇంకో ఊహ. పార్టీలకైతే టికెట్లివ్వడానికి, ‘గాలి మాదే’ అనిపించుకోవడానికి సర్వే పనికొస్తుంది.

మరి మనకు? పోలింగుకీ కౌంటింగుకీ మధ్య ఊళ్లో పందేలు జోరందుకునేది ఈ అంకెలతోనే. గల్ఫ్ ఎండలో చెమటోడ్చి పంపిన డబ్బు అందులో పెట్టొద్దని ఇంటికి ఫోన్ చేసినప్పుడు గట్టిగా చెప్పండి. సర్వే తప్పితే సర్వేవాళ్లు ఇంకో సర్వే చేస్తారు. పోయిన జీతం తిరిగిరాదు.