ఉన్న ఇంటి కింద నేలమాళిగ : పునాదికి, పొరుగింటికి పొంచి ఉన్న ముప్పు

(ప్రత్యేక వ్యాసం)

నగరాలలో గజం స్థలం ధర సామాన్యునికి అందనంతగా పెరిగిన నేపథ్యంలో, ఉన్న ఇంటిని పడగొట్టకుండానే దాని కింద తవ్వి వాహనాలకో, సామగ్రికో చోటు సంపాదించుకోవాలన్న ఆలోచన కొందరు గృహ యజమానులలో కలుగుతున్నది. ఇరుగు పొరుగు ఇళ్ళను ఆనుకొని కొత్త భవనాలకు సెల్లార్లు తవ్వడం అంతకంటే విరివిగా జరుగుతున్నది. సాంకేతికంగా ఈ రెండింటి సమస్య ఒక్కటే. నిలబడి ఉన్న భవనం భారాన్ని మోస్తున్న మట్టిని, ఆ భవనంలో మనుషులు నివసిస్తుండగానే తొలగించడమే ఆ సమస్య.

2024 నవంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి సమీపంలోని సిద్దిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో జరిగిన తవ్వకం కారణంగా ఒక బహుళ అంతస్తుల భవనం పక్కకు ఒరిగిపోగా, నివాసితులను ఖాళీ చేయించి భవనాన్ని కూల్చివేయవలసి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఎల్.బి.నగర్ ప్రాంతంలో సెల్లార్ తవ్వకం వద్ద మట్టిపెళ్ళలు విరిగిపడి ముగ్గురు కూలీలు ప్రాణాలు కోల్పోయారు. మొదటి సంఘటనలో నష్టపోయినవారు తవ్వకంతో ఏ సంబంధమూ లేని ఇరుగుపొరుగువారు. రెండవ దానిలో గొయ్యిలో దిగి పని చేసినవారు. తవ్వించిన యజమాని రెండు చోట్లా గట్టుమీదనే ఉన్నాడన్నది గమనార్హం.

ఇంటి కింద తవ్వకానికి ప్రపంచంలో ఎక్కువగా పేరుపడిన నగరం లండన్. 2008 నుంచి 2017 వరకు ఆ నగరంలోని ఏడు బరోలలో నివాస గృహాల కింద 4,650 నేలమాళిగలకు అనుమతులు లభించినట్లు న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. అక్కడి పాత ఇళ్ళు ఇటుక గోడలమీద నిలిచినవి. గోడ పొడవునా పునాది కొనసాగుతుంది. గోడ కింద సుమారు ఒక మీటరు వెడల్పున మాత్రమే తవ్వి, కాంక్రీటు నింపి, అది గట్టిపడిన తరువాత కొంత దూరంలో మరొక భాగాన్ని తవ్వుతారు. పక్కపక్క భాగాలను ఏకకాలంలో తెరవరు. ఇంత జాగ్రత్త తీసుకొనే చోట కూడా 2020 నవంబరులో చెల్సీ ప్రాంతంలో నేలమాళిగ పనులు సాగుతుండగా రెండు ఇళ్ళు తెల్లవారేలోగా కుప్పకూలాయి. అదృష్టవశాత్తు ఎవరికీ గాయాలు కాలేదు. దీనికి ముందే, 2015లో, కెన్సింగ్టన్ - చెల్సీ స్థానిక సంస్థ నేలమాళిగలను సాధారణంగా ఒకే అంతస్తుకు పరిమితం చేసి, పెరటి తోట కింద సగానికి మించి తవ్వరాదని విధానం రూపొందించింది.

తెలుగు ప్రాంతాల ఇళ్ళ నిర్మాణం వేరు. నేడు అధిక భాగం ఇళ్ళు పిల్లర్ల మీద, ప్రతి పిల్లరు కింద విడివిడిగా వేసిన ఫుటింగు మీద నిలబడి ఉన్నాయి. గోడను ముక్కముక్కలుగా ఆదుకొన్నట్లు పిల్లరును ఆదుకోవడం సాధ్యం కాదు. పిల్లరు భారమంతా ఒకే చోట దిగుతుంది. ఫుటింగు పక్క మట్టిని తీసివేస్తే దాని కింద మట్టికి పట్టు పోతుంది. అందువలన పిల్లరు భారాన్ని తాత్కాలికంగా ఉక్కు దూలాలపైకి మార్చి, ఆ తరువాతనే తవ్వవలసి ఉంటుంది. ఈ ఖర్చు తరచు కొత్త ఇంటి ఖర్చును మించుతుంది. ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు, కట్టిన ఇంటి కింద తవ్వి చూడమని మాత్రం అనలేదు.

మట్టి లెక్క కూడా చిన్నది కాదు. 100 చదరపు మీటర్ల ఇంటి కింద 3 మీటర్ల లోతు తవ్వితే 300 ఘనపు మీటర్ల మట్టి వస్తుంది. ఘనపు మీటరుకు సుమారు 1.8 టన్నుల చొప్పున అది 540 టన్నులు. టిప్పరుకు 12 టన్నుల వంతున 45 లోడ్లు. హైదరాబాద్‌లో అడుగున గ్రానైట్ రాయి తగిలితే బ్రేకర్ల అదురు చుట్టుపక్కల గోడలకు తాకుతుంది. కృష్ణా తీరాన ఊట నీటిని మోటార్లతో తోడవలసి వస్తుంది. ఆ తోడకం వలన పొరుగు ఇళ్ళ కింది నేల కూడా కుంగే ప్రమాదమున్నది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 ఏప్రిల్ 7న వెలువడిన జి.ఓ. ఎం.ఎస్. నం. 168 భవన నిబంధనలు, 1,000 చదరపు మీటర్ల వరకు గల స్థలంలో సెల్లారుకు సరిహద్దు నుంచి 1.5 మీటర్లు, 2,000 వరకు 2 మీటర్లు, ఆపైన 3 మీటర్లు వదలాలని, ప్రతి అదనపు సెల్లారుకు మరో అర మీటరు చేర్చాలని నిర్దేశించాయి. ఈ దూరం అవసరమే, కాని అది ఒక్కటే రక్షణ కాదు. 3 మీటర్ల గొయ్యి అడుగు నుంచి 45 డిగ్రీల కోణంలో పైకి గీత గీస్తే, 1.5 మీటర్ల అవతల సరిహద్దు వద్ద ఆ గీత 1.5 మీటర్ల లోతున ఉంటుంది. పొరుగువాని ఫుటింగు 1.2 మీటర్ల లోతులోనే ఉంటే అది గీతకు పైన, అంటే జారగల మట్టిలో ఉన్నట్లే. పాత కాలనీలలో సరిహద్దు గోడనే ఇంటి గోడగా కట్టుకొన్న ఇళ్ళు ఎన్నో. ప్లానులో సెట్‌బ్యాకు సరిపోయిందని సంతకం చేసే ముందు పొరుగింటి పునాది లోతు ఎంతో అడిగే అలవాటు ఇంకా రావలసి ఉన్నది.

ఇంగ్లండు, వేల్సులలో 1996 నాటి పార్టీ వాల్ చట్టం ఈ ప్రశ్ననే తప్పనిసరి చేసింది. పొరుగు కట్టడానికి 3 మీటర్ల లోపున దాని పునాది కంటే లోతుగా తవ్వదలిస్తే నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. 6 మీటర్ల లోపున పైన చెప్పిన 45 డిగ్రీల గీత వర్తిస్తుంది. మన దేశంలో 1882 ఈజ్‌మెంట్స్ చట్టం పక్క నేల ఆసరాను సహజ హక్కుగా గుర్తించినా, ఆ హక్కు నేలకు సహజ స్థితిలోనే. నేలపై కట్టిన ఇంటికి అట్టి ఆసరా హక్కు 15వ సెక్షను ప్రకారం 20 సంవత్సరాలు అవిచ్ఛిన్నంగా అనుభవించిన మీదటనే సంక్రమిస్తుంది. అనగా పదేళ్ళ క్రితం ఇల్లు కట్టుకొన్న యజమాని, పక్కన తవ్వినవాని నిర్లక్ష్యాన్ని రుజువు చేసుకోవలసి వస్తుంది. తవ్వకానికి ముందు గోడల ఫొటోలు తీసి ఇరుపక్షాలూ సంతకం చేసిన నివేదిక లేకపోతే, పగులు పాతదా కొత్తదా అన్న వివాదానికి అంతముండదు.

కూలీల భద్రత విషయమై భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3764 స్పష్టంగానే ఉన్నది. మట్టిలో 1.5 మీటర్లకు మించిన లోతు కందకానికి ఆసరా కట్టాలి. తవ్విన మట్టిని గట్టు అంచుకు కనీసం 1.5 మీటర్ల దూరంలో పోయాలి. స్థలం చాలదని ఆ మట్టిని అంచుమీదనే గుట్టగా పోయడం, దాని పక్కన పొక్లెయిన్‌ను నిలపడం తవ్వకాల వద్ద తరచు కనిపించే దృశ్యాలు.

వర్షాకాలంలో సెల్లార్ తవ్వకాలను నిలిపివేయాలని హైదరాబాద్ మహానగర పాలక సంస్థ పలు సంవత్సరాలలో ఆదేశించింది. అయితే అప్పటికే సగం తవ్వి వదిలిన గోతుల సంగతి వేరు. పని ఆగినంత మాత్రాన మట్టి ఆగదు. అట్టి గోతులకు రిటైనింగ్ గోడను ముందుగా పూర్తి చేయించడమో, తిరిగి మట్టితో నింపించడమో జరగవలసి ఉన్నది.

నిర్మాణం ముగిసిన తరువాత వినియోగం మరొక ప్రశ్న. 2024 జులై 27న ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్‌నగర్‌లో, సామగ్రి నిల్వకు, వాహనాలకు అనుమతి పొందిన బేస్‌మెంటును గ్రంథాలయంగా నడుపుతుండగా వరద నీరు చొరబడి ముగ్గురు విద్యార్థులు మృతి చెందారు. వాన నీరు రోడ్డు నుంచి ర్యాంపు మీదుగా దిగకుండా ర్యాంపు మొదట మిట్ట కట్టినదీ లేనిదీ, లోపల ఎవరు ఉంటున్నారన్నదీ నివాసయోగ్యతా పత్రం ఇచ్చిన నాటితో తనిఖీ ముగిసే అంశాలు కావు. రుతుపవనాల రాకకు ముందు ఏటా చూడవలసినవి.