మురికి తీసేస్తే వాడ

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి కనుక, ఏ సంగతి విన్నా ముందు మాట మీదికే నా దృష్టి పోతుంది. "మురికివాడ" అన్న మాటనే చూడండి. వాడ అనేది ఎంత మర్యాదగల మాట! బెజవాడలో ఉన్నది అదే. పండుగలు వాడవాడలా చేసుకుంటాం. దానికి ముందు "మురికి" తగిలించామో, అక్కడ కాపురముండే వాళ్ళందరికీ విచారణ లేకుండా తీర్పు చెప్పేసినట్టే. "స్లమ్‌డాగ్ మిలియనీర్" సినిమా 2009లో ఆస్కార్లు తెచ్చుకుంది గాని, పేరులో కుక్క ఉన్నందుకు ఆ ఏడే ముంబయి పేదల పేటల వాళ్ళు కొందరు వీధికెక్కారు. మాట తగిలితే ఎవరికైనా నొప్పే కదా!

ఆ ముంబయిలోని ధారావిని ఇప్పుడు జనం డబ్బిచ్చి మరీ చూసి వస్తున్నారు. నేనూ వెళతానంటే మా ఆవిడ కస్సుమంది. "పేదవాళ్ళ ఇళ్ళేమన్నా జంతుప్రదర్శనశాలా, టిక్కెట్టు కొని చూడడానికి?" అంది. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. 1880 ప్రాంతాల్లో లండను దొరలూ దొరసానులూ ఈస్ట్ ఎండ్ పేదల సందులు చూడ్డానికి సరదాగా బయలుదేరేవారు. ఆ షికారుకు "స్లమ్మింగ్" అని పేరు కూడా వచ్చింది. చూసినవాడికి కాలక్షేపం, ఇంట్లో ఉన్నవాడికి తలవంపులు.

అలా కాకుండా చెయ్యవచ్చునని కృష్ణ పూజారి, క్రిస్ వే అనే ఇద్దరు మిత్రులు 2005లో "రియాలిటీ టూర్స్" అనే సంస్థ పెట్టారు. అందులో కెమెరా సంచి దాటి రాకూడదు. దారి చూపే కుర్రవాళ్ళలో చాలామంది అటువంటి వాడల్లో పెరిగినవాళ్ళే. లాభాల్లో 80 శాతం తమ సేవాసంస్థ ద్వారా అక్కడి పిల్లల చదువులు మొదలైన వాటికి పోతుంది. కెమెరా నిషేధం కొందరికి చాదస్తంగా తోచవచ్చు. మీరు వంటింట్లో చింతపండు పిసుకుతూ ఉంటే, ఎవరో ముక్కూమొహం తెలియనివాడు గుమ్మంలో నిలబడి ఫొటో తీస్తే ఊరుకుంటారా?

ధారావి రెండు చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల. అందులో లక్షల మంది. మురుగు లేదనను, ఇరుకు లేదనను. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు అతుక్కోవలసిన సందులున్నాయి. కాని నడిచినంతసేపూ నాకు కనిపించింది పని. మనం పారేసిన ప్లాస్టిక్ సామాను అక్కడ రంగులవారీగా ఏరి, ముక్కలు చేసి, కడిగి, కప్పుల మీద ఆరబెట్టి, కరిగించి గుళికలు చేస్తున్నారు. సౌరాష్ట్ర నుంచి తరాల కిందట వచ్చిన కుమ్మరుల పేట ఒకటి ఉంది. దాని పేరు కుంభార్‌వాడా. అక్కడా వాడే, చూశారా! తోలు పనివాళ్ళున్నారు. బోర్లించిన బుట్టల మీద అప్పడాలు ఎండబెట్టే ఆడవాళ్ళున్నారు.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా ఆవిడ అప్పడాల దగ్గర ఆగింది. "ఆ పేటంతా పడగొట్టి మేడలు కడతారట కదా! అప్పుడు వీళ్ళు అప్పడాలెక్కడ ఎండబెట్టుకుంటారు?" అని అడిగింది. నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటి ప్రశ్న లేదు. ధారావిని తిరిగి కట్టే టెండరు 2022లో అదానీ గ్రూపుకు దక్కింది. మంచి ఇల్లు, నీళ్ళ కుళాయి, సొంత మరుగుదొడ్డి ఎవరికి చేదు? కాని అక్కడ చాలామందికి ఇల్లే కార్ఖానా. కుటుంబాన్ని అయిదో అంతస్తుకు ఎక్కించవచ్చు, కుమ్మరి ఆవాన్ని ఎక్కించగలమా? పటం మీద చూసినవాడికి ఆ సంగతి తట్టదు. ఆ వాడ మనిషి వెంట నడిచినవాడికి తట్టకపోదు. ఈ నడకలవల్ల ప్రయోజనమేమిటని ఎవరైనా అడిగితే, నేను చెప్పగలిగింది ఇదే.

ఇందుకు ముంబయి దాకా పోనక్కరలేదు. మన ఇళ్ళల్లో అంట్లు తోమే అమ్మాయీ, బట్టలు ఇస్త్రీ చేసే తాతా సాయంత్రం ఏ పేటకు తిరిగి పోతున్నారో, ఆ పేట పేరేమిటో మనలో ఎందరికి తెలుసు?