దిబ్బరొట్టెకు పది నిమిషాలా?

ఈ వారం నా ఫోనులోకి ఒక ప్రకటన ఊడిపడింది. ‘అమ్మ చేతి దిబ్బరొట్టె, పది నిమిషాల్లో మీ గుమ్మంలో’ అట. ఏ కంపెనీ అన్నది అనవసరం. ఇవాళ వీళ్లన్నారు, రేపు ఇంకొకళ్లంటారు.

దిబ్బరొట్టె ఒక వైపు కాలడానికే పావుగంట పైన పడుతుంది. అంతకు ముందు పప్పు నానాలి, రుబ్బాలి, కడిగి పిండిన బియ్యపు రవ్వ అందులో కలిసి ఊరాలి. పది నిమిషాల్లో గుమ్మంలోకి వచ్చిందంటే ఎప్పుడో కాల్చి, చల్లారబెట్టి, మళ్లీ వేడి చేసి డబ్బాలో మూత బిగించారన్నమాట. ఆ డబ్బాలో ఆవిరి పట్టి, కరకరలాడాల్సిన పెచ్చు కాస్తా తడిసిన అట్టలా సాగుతుంది. అందులో అమ్మ చెయ్యి ఎక్కడుందో ఆ అమ్మకే తెలియాలి.

బయటి తిండి మీద నాకు కక్షేమీ లేదు. మిరపకాయ బజ్జీ బండి దగ్గర నిలబడి తింటేనే బాగుంటుంది. బిర్యానీ హోటలువాడికి వదిలేయడమే మర్యాద. కానీ కొన్ని వంటలకు పొయ్యికీ కంచానికీ మధ్య నాలుగడుగులకు మించి దూరం పనికిరాదు. గోదావరి జిల్లాల్లో కొన్ని టిఫిన్ హోటళ్లలోనూ దిబ్బరొట్టె దొరుకుతుంది కదా అంటారా? దొరుకుతుంది. అక్కడా మూకుడు దిగేదాకా కాచుక్కూచోవాల్సిందే.

ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల బియ్యపు రవ్వ. ఉప్పు, జీలకర్ర. ఇనుప మూకుట్లో నూనె ధారాళంగా పోసి, పిండి అంగుళమున్నర మందాన పరిచి, మూత పెట్టి, సెగ బాగా తగ్గించాలి. మొదట చప్పుడుండదు. తర్వాత అంచుల్లో సన్నగా చిటపట మొదలవుతుంది. అడుగు ఎర్రబడి, పక్కలు మూకుడును వదిలేశాక తిరగెయ్యాలి. ముందే తొందరపడితే రొట్టె విరిగి ఉప్మా అవుతుంది. గోదావరి వైపు దీన్ని చెరుకు పానకంలో ముంచుకుంటారు. అది దొరకని చోట అల్లప్పచ్చడో, కొత్తావకాయో. ఏ ఊళ్లోనైనా పిల్లల తగాదా మాత్రం అంచు ముక్క కోసమే.

తెలంగాణ సర్వపిండి సంగతీ ఇంతే. సర్వప్ప అనండి, గిన్నెప్ప అనండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం కలిపి, మందపాటి గిన్నె లోపలి గోడలకు చేత్తో ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేస్తారు. ఒకటి దించాక గిన్నె చల్లారేదాకా రెండోది ఒత్తడానికి లేదు, చెయ్యి కాలుతుంది. అందుకే గిన్నె బోర్లించి నీళ్లు కొట్టి మళ్లీ మొదలెడతారు. ఈ వంటను తొందరపెట్టే యంత్రం ఇంకా పుట్టలేదు. పుట్టకపోతేనే మంచిది.

ఇక్కడ నా పాత పాట ఒకటి పాడక తప్పదు, ఎడిటరుగారు ఓర్చుకోవాలి. పొట్టు మినప్పప్పు ఏమైంది? నానబెట్టి, చేత్తో రుద్ది, పైకి తేలిన పొట్టు వంచేసి, కొంచెం పొట్టు కావాలనే మిగిల్చి రుబ్బిన పిండి రుచి వేరు, వాసన వేరు. ఇప్పుడు అందరికీ పాలరాయిలా మెరిసే మినపగుళ్ల ప్యాకెట్టే కావాలి. కృష్ణా, గుంటూరు మాగాణుల్లో వరి కోతకు ముందే, నిలబడి ఉన్న చేలోనే మినుము చల్లేవాళ్లు. కోసిన మడిలో మిగిలిన తేమతోనే ఆ పంట చేతికొస్తుంది. గుంటూరు పక్కన లాం ఫారంలో ఆ మాగాణుల కోసమే మినుము రకాలు తయారుచేసి ఇచ్చారు. అంత తెలివైన సేద్యం మన ఇంటి ముందే పెట్టుకుని, దేశం ఏటేటా మయన్మార్ నుంచి మినుములు దిగుమతి చేసుకుంటోంది. మనమేమో పొట్టు నల్లగా ఉందని మొహం చిట్లిస్తున్నాం.

ఇనుప మూకుడిదీ అదే గతి. లక్షలు పోసి కట్టించుకున్న మాడ్యులర్ వంటింట్లో గుండ్రటి అడుగున్న పాత్రకు చోటే లేదు. బల్లపరుపు ఇండక్షన్ స్టవ్ మీద అది నిలవదు. వేడిని పట్టి ఉంచలేని పల్చటి నాన్‌స్టిక్ పెనం మీద దిబ్బరొట్టె పోసి, కుదరలేదని అమ్మమ్మ కొలతలను తప్పుపడతారు.

ఇంత నూనె పోసి ఆరోగ్యం మాటేమిటని చేతి గడియారంలో కేలరీలు చూసుకునేవాళ్లు అడుగుతారు. వాళ్లకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థే జవాబు చెప్పింది. 2024లో విడుదలైన ఆహార మార్గదర్శకాల్లో, దేశపు రోగభారంలో 56.4 శాతానికి సరిలేని తిండే కారణమంది. ఫ్యాక్టరీల్లో అతిగా ప్రాసెస్ చేసిన సరుకు తగ్గించమంది. నూనె మితంగా వాడమని కూడా అంది; ఆ పేజీ నేను కాస్త త్వరగా తిప్పేశాను. 2023-24 కుటుంబ వినియోగ సర్వే ప్రకారం పట్నంవాసి నెల ఖర్చులో 11 శాతం పానీయాలకూ చిరుతిళ్లకూ ప్రాసెస్డ్ ఆహారానికే పోతోంది. మన ఒంటికి చేటు చేసేది నెలకోసారి కాలే రొట్టె కాదు, రోజూ చిరిగే ప్యాకెట్టు.

ఇంతకీ ఆ ప్రకటన నన్ను ఎక్కువగా గుచ్చింది పది నిమిషాల దగ్గర కాదు, ‘అమ్మ చేతి’ దగ్గర. అమ్మ చేతి వంట తలచుకుని కళ్లు చెమర్చే మగవాళ్లు కూకట్‌పల్లి నుంచి డాలస్ దాకా ఉన్నారు. ఆ అమ్మ పిండి రుబ్బుతున్నప్పుడు రోలు దగ్గర కూర్చున్నవాళ్లు వాళ్లలో ఎందరు? 2019 కేంద్ర ప్రభుత్వ సమయ వినియోగ సర్వే చూడండి. రోజు మొత్తంలో ఇంటిపనిలో చెయ్యి పెట్టినవాళ్లు ఆడవాళ్లలో 81.2 శాతం, మగవాళ్లలో 26.1 శాతం. చెయ్యి పెట్టిన ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు పట్టింది. మగవాళ్లకు 97. పెళ్లిలో గాడిపొయ్యి దగ్గర గరిటె తిప్పేది చాలాచోట్ల మగవాళ్లే. అంటే వంట రాక కాదు. కూలి ముట్టే వంట మగవాడిది, కూలి లేని వంట ఆడదానిది. ఆవిడకు మెచ్చుకోలుతో సరి.

పైగా ఒక్కొక్కటిగా కాల్చి అందరికీ వేడివేడిగా పెట్టిన మనిషికి చివరికి దక్కేది చల్లారి విరిగిన ముక్క. ఇంటి వంట సుఖం గురించి పేజీలు నింపే మేము ఆ సుఖం ఎవరికి అందుతోందో రాయం. సన్నసెగ మీద కాలే రొట్టెలో నిజంగా సుఖం ఉంది. అయితే పక్క గదిలో కూర్చుని కేకేసేవాడికే అది సుఖం, పొయ్యి దగ్గర నడుం పట్టేసినామెకు చాకిరీ.

కాబట్టి అయ్యలారా, ఈ ఆదివారం మినప్పప్పు మీరే నానబెట్టండి. పొట్టుపప్పు తెచ్చుకుంటే మరీ సంతోషం. మొదటిసారి అడుగు మాడుతుంది, ఆ ముక్క మీరు తినండి. ఎర్రగా కాలిన అంచు ముక్క, పొగలు కక్కుతుండగానే, ఇన్నేళ్లూ వండిపెట్టినావిడ కంచంలో వెయ్యండి. తర్వాత మూకుడు తోమి, తుడిచి, తుప్పు పట్టకుండా నూనె రాసి పెట్టండి. అప్పటిదాకా వంట అయిపోయినట్టు కాదు.