పటానికి దండేస్తే పాఠం కాదు

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారనీ, మెట్రిక్ తప్పినా పట్టువదలక నెగ్గారనీ, అమెరికా వెళ్లి మందులు కనిపెట్టారనీ మన పిల్లలు వక్తృత్వ పోటీల్లో గడగడా అప్పజెబుతారు. ఆ పిల్లల్లో ఒకరు పెద్దయి పీహెచ్‌డీలో చేరి, నెలల తరబడి రీడింగులు కుదరక తల పట్టుకున్నప్పుడు ఆ ప్రసంగంలోని ఒక్క ముక్కా అక్కరకు రాదు. లోపం మనం ఆ కథ చెబుతున్న తీరులో ఉంది. శాస్త్రవేత్తల వృత్తి జీవితాలను పరిశోధక విద్యార్థులకు కోర్స్‌వర్క్‌లో భాగంగా, మార్కులు పెట్టి మరీ బోధించాలి. సైన్స్ దినోత్సవం నాటి అతిథి ఉపన్యాసంతో సరిపెడితే చాలదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి సుబ్బారావు ఫాస్ఫరస్‌ను లెక్కగట్టే పద్ధతిని 1925లో ప్రచురించారు. రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు చిక్కదనాన్ని బట్టి ఫాస్ఫరస్ ఎంతో తెలుస్తుంది. కండరం నుంచి తీసిన ద్రావణంతో చేసినప్పుడు మాత్రం రంగు రావలసిన వేళకు రాలేదు. మెల్లమెల్లగా చిక్కబడుతూ పోయింది. మన ల్యాబుల్లో అయితే ‘రియేజెంటు పాడై ఉంటుంది, మళ్లీ చెయ్యి’ అనే మాటే ముందుగా వినబడేది. వాళ్లిద్దరూ ఆ ఆలస్యం వెంటే పడ్డారు. విడిపోతూ ఫాస్ఫేటును నిదానంగా వదులుతున్న పదార్థమేదో అందులో ఉందని తేల్చారు. అదే 1927లో లోకానికి తెలిసిన ఫాస్ఫోక్రియాటిన్. ‘కథలు చెప్పుకుంటూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడవుతుంది?’ అనే ఆచార్యులు ఈ ఒక్క ఘట్టాన్ని తరగతిలో చెప్పి చూడాలి. కుదరని రీడింగును ఎప్పుడు పారేయాలో, ఎప్పుడు పట్టుకోవాలో ఏ మెథడాలజీ పుస్తకమూ ఇంత సూటిగా చెప్పదు.

మిగతా జీవితమూ దాచకుండా చెప్పాలి. ఏటీపీని 1929లో వీళ్లూ కనిపెట్టారు, జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా కనిపెట్టి ముందే ప్రచురించారు. అంత చేసిన సుబ్బారావుకు హార్వర్డ్‌లో స్థిరమైన కొలువు దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలు ఇస్తే పిల్లల్లో రక్త క్యాన్సర్ ముదురుతోందని వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు అనిపించింది. అలాగైతే దాన్ని అడ్డుకునే పదార్థం కావాలన్నారు. సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ చేసి ఇచ్చింది. 1948లో వెలువడిన నివేదికలో 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది, అదీ కొంతకాలమే. బెడిసికొట్టిన చికిత్స నుంచి పుట్టిన ప్రశ్న అది.

గెలిచినవాళ్ల కథలే చెబితే మాత్రం ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలు. కష్టపడితే నోబెల్ వస్తుందనే భ్రమ తప్ప మరేమీ మిగలదు. డగ్లస్ ప్రాషర్ కథ కూడా సిలబస్‌లో ఉండాలి. జెల్లీఫిష్‌ను ఆకుపచ్చగా మెరిపించే ప్రోటీన్ జన్యువును క్లోన్ చేసి 1992లో ప్రచురించిన మనిషి ఆయన. గ్రాంటు రాక ఆ పని ఆపేసి, జన్యువును అడిగినవాళ్లకు పంచి ఇచ్చారు. 2008లో అదే ప్రోటీన్‌పై కృషికి ముగ్గురికి నోబెల్ ప్రకటించేనాటికి ఆయన అలబామాలో ఒక కార్ల షోరూమ్ వ్యాన్ నడుపుతున్నారు. ప్రతిభ ఉన్నా నిధులు ఆగితే ఏమవుతుందో స్కాలర్లకు చేరిన మొదటి నెలలోనే తెలియడం న్యాయం. అప్పుడే రెండో దారి గురించి ఆలోచించే వ్యవధి ఉంటుంది.

సమయం లేదన్న సాకు చెల్లదు. పరిశోధన, ప్రచురణ నైతికతపై రెండు క్రెడిట్ల కోర్సును యూజీసీ 2019లోనే తప్పనిసరి చేసింది. 30 గంటల ఆ కోర్సులో మూడో వంతు ఇలాంటి జీవితాలకు కేటాయించవచ్చు. సరంజామా కూడా కరవేమీ కాదు. దాదాపు వందమంది భారతీయ మహిళా శాస్త్రవేత్తల జీవితాలతో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 2008లోనే ‘లీలావతీస్ డాటర్స్’ తెచ్చింది. విని ముచ్చటపడే కాలక్షేపంగా మారకుండా ఉండాలంటే అసలు పేపర్లనూ, దొరికినచోట నోటుపుస్తకాలనూ ముందుపెట్టుకుని, ఎవరు ఎక్కడ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో స్కాలర్ల చేత వాదింపజేయాలి. పరీక్షలో ప్రశ్న కూడా అక్కడి నుంచే రావాలి.

మన విశ్వవిద్యాలయాలు యూజీసీ ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కర్లేదు. వచ్చే బ్యాచ్ మొదటి క్లాసుకు ప్రతి గైడూ తన పేపర్లలో తిరస్కరణకు గురైనదొకటి, రివ్యూయర్ల వ్యాఖ్యలతో సహా, పట్టుకుని రావాలి.