రెండు రూపాయల బియ్యం, ప్యాకెట్టు సారా

మా పేటలో ఒక ముసలమ్మ ఇంట్లో గోడకి మూడు పటాలుంటాయి. ఒకటి ఏసుప్రభువు, రెండోది బాబాసాహెబ్ అంబేడ్కర్, మూడోది కిరీటం పెట్టుకున్న రామారావు. మొన్న సభ్యత్వాలు రాయడానికి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు మాలో ఒక కుర్రాడు ఉండబట్టలేక, "ఆ మూడో పటం తీసీ మామ్మా, ఆయన మనకేం చేశాడని?" అన్నాడు. ముసలమ్మకి కోపం వచ్చింది. "ఏటి చేసినాడా? మీ నాన్న పుట్టిన్నాటికి మీ ఇంట్లో అన్నం ఉండీదేటి? మీ నాన్నమ్మ చోడంబలి తాగి వాడికి పాలిచ్చింది. రామారావు బాబు బియ్యం ఇచ్చిన్నాటి నుంచే గదా మనం అన్నం మొకం చూసినాం. ఆయన్ని ఏటీ అనకు నాయినా" అంది. కుర్రాడు తలొంచుకున్నాడు. మేమూ మాట్లాడలేదు.

ముసలమ్మ చెప్పింది నిజమే. మా తాతలు, నాన్నలు కంబార్లుగా బతికిన ఊళ్ళలో వరి కోసేది మనం, నూర్చేది మనం, కల్లంలో కుంచాలు కొలిచేది మాత్రం వేరే చెయ్యి. ధాన్యం ఇంటి ముందునుంచే బళ్ళమీద పోయేది. మనకి చోళ్ళు, గంటెలు, గంజి. అన్నం అంటే పండగ, లేకపోతే చావు భోజనం. అలాంటి ఇళ్ళకి 1983 నుంచి కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. అంతకు కొద్ది నెలల ముందు, ఎన్నికలు ముంచుకొస్తున్నాయని, కాంగ్రెస్ ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి రూపాయి తొంభై పైసలకే ఇస్తామన్నాడు. పది పైసలు తక్కువైనా జనం నమ్మలేదు. ముప్పై ఏళ్ళు ఊరుకున్నవాడు ఓట్ల ముందు బియ్యం బస్తా విప్పితే ఎవరు నమ్ముతారు?

అందుకని మేం రామారావుని తిట్టడానికి కూచోలేదు. ఆయన లెక్క రాయడానికి కూచున్నాం. మెచ్చుకునేవాళ్ళకి కొదవ లేదు. 2023లో శతజయంతి చేశారు. ఆ ఆగస్టు 28న ఢిల్లీలో రాష్ట్రపతి చేతులమీదుగా ఆయన బొమ్మతో వంద రూపాయల నాణెం విడుదల చేశారు. భారతరత్న ఇవ్వాలని అడుగుతున్నారు. ఇస్తే ఇవ్వనీయండి, మనకేం నష్టం లేదు. కానీ ఆయన పేరు చెప్పుకొని ఇవాళ మన పేటల్లోకి వచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయన పార్టీవాళ్ళే కాదు, ఆయన దారి పట్టిన మిగతా పార్టీలవాళ్ళూ అంతే. బియ్యం, పింఛను, అకౌంటులో డబ్బు, పెద్ద విగ్రహం, పెద్ద మాట. ఈ బాటకి మన రాష్ట్రంలో మొదటి గునపం వేసింది ఆయనే గనక, లెక్క ఆయన దగ్గరనుంచే చూడాలి.

ముందు జమ. 1984 జనవరిలో కరణం, మునసబు ఉద్యోగాలు ఊడబెరికాడు. ఇది చిన్న పని కాదు. మన తాతల భూముల్ని నాగలి కంటే కరణం కలమే ఎక్కువ దున్నింది. 1985లో తాలూకాలు తీసి మండలాలు పెట్టాడు. సర్టిఫికెట్టు కోసం రెండు రోజుల కూలి పోగొట్టుకునే మనిషి ఒక పూటలో ఇంటికి రాగలిగాడు. 1986లో ఎస్సీల రిజర్వేషను పద్నాలుగు నుంచి పదిహేను శాతానికి, ఎస్టీలది నాలుగు నుంచి ఆరుకి పెంచాడు. మాలాంటి మొదటి తరం చదువుకున్నవాళ్ళలో ఆ ఒక్క శాతంలోంచి ఉద్యోగంలోకి దూరినవాళ్ళూ ఉంటారు. మన ఎచ్చెర్లనుంచి 1983లో గెలిచిన కావలి ప్రతిభా భారతి గారిని మంత్రిని చేశాడు. ఆడపిల్లలకి తండ్రి ఆస్తిలో సమాన వాటా అంటూ చట్టం చేశాడు. మంచిదే. ఆస్తి ఉన్న ఇంటి ఆడపిల్లకి మంచిదే.

ఇక ఖర్చు రాద్దాం.

బియ్యం ఇచ్చిన ఆ ప్రభుత్వమే "వారుణి వాహిని" అని పేరుపెట్టి సారాని ప్యాకెట్లలో కట్టించి ఊరూరికీ పంపింది. పేరు చూడండి, పురాణం పేరు. అంతకుముందు సారా తాగాలంటే మనిషి దుకాణానికి నడిచి వెళ్ళాలి. ప్యాకెట్టు వచ్చాక దుకాణమే మనిషి దగ్గరికి నడిచి వచ్చింది. కూలి చేసే కల్లం దగ్గరికి వచ్చింది, పేట మొగలోకి వచ్చింది. మా చిన్నప్పుడు బడికి వెళ్ళే దారిలో కత్తిరించి పారేసిన ఆ ప్లాస్టిక్ ముక్కల్ని ఏరుకుని ఆడుకున్నాం. ఏం ఏరుతున్నామో మాకు తెలీదు. సాయంత్రం ఇళ్ళలో అమ్మలు ఏడుస్తుంటే మాత్రం తెలిసేది. ఇరవై అయిదు కిలోల బియ్యానికి నెలకి యాభై రూపాయలు. కిలోకి ఇంత అని ప్రభుత్వం మనకి మిగిల్చిందాన్ని ఇంటాయన వారం తిరక్కుండా ప్యాకెట్ల కింద ప్రభుత్వానికే కట్టేసేవాడు. మధ్యలో కాంట్రాక్టరు మేడ కట్టేవాడు. ఆ కాంట్రాక్టరుది ఏ కులమో, ఏ పార్టీయో మీ మీ ఊళ్ళలో మీకే తెలుసు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ మంట రాష్ట్రమంతా పాకింది. ప్రతిపక్షంలో ఉన్న రామారావు గారు ఆ ఆడవాళ్ళ వెనక వచ్చి నిలబడ్డారు. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రి కాగానే మద్యనిషేధం అన్నారు, 1995 జనవరి 16 నుంచి అమలు చేశారు. మాట నిలబెట్టుకున్నట్టే. కానీ ప్యాకెట్టు ఎవరు మొదలుపెట్టారో ఆ సభల్లో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. 1995లోనే సొంత అల్లుడు కుర్చీ లాక్కున్నాడు. 1996లో ఆయన పోయారు. అదే ఏడాది బియ్యం మూడున్నర రూపాయలైంది, మరుసటేడు నిషేధమూ పోయింది. ఆ ఆడవాళ్ళు తెచ్చుకున్నది రెండున్నరేళ్ళు కూడా నిలవలేదు.

ఇప్పుడు పెద్ద పద్దు.

ఆయన పార్టీ పుట్టిందే తెలుగువాళ్ళ ఆత్మగౌరవం పేరుమీద. ఢిల్లీవాళ్ళు అయిదేళ్ళలో నలుగురు ముఖ్యమంత్రుల్ని మార్చారు, తెలుగుజాతికి అవమానం జరిగింది అన్నాడు. సమాజమే దేవాలయం, ప్రజలే దేవుళ్ళు అన్నాడు. 1984 ఆగస్టులో ఆయన్ని కుర్చీ దించితే జనం రోడ్లమీదికి వచ్చి నెల రోజుల్లో మళ్ళీ కూచోబెట్టారు. ఆ జనంలో మాల మాదిగ పల్లెలూ ఉన్నాయి. 1985 మార్చిలో మళ్ళీ ఓట్లు గుద్దారు. అదే ఏడాది జూలై 16న ప్రకాశం జిల్లా కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర గొడవ. మాదిగలు తాగే నీళ్ళ దగ్గర దొరల గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే ఇదేమిటని అడిగారు. ఒక మాదిగ ఆడబిడ్డ కొరడా దెబ్బకి ఎదురుగా తన బిందె ఎత్తింది. మర్నాడు వాడమీద పడి ఆరుగుర్ని చంపారు, ఆడవాళ్ళని చెరిచారు. కారంచేడు ఎవరి ఊరు? ముఖ్యమంత్రి వియ్యంకుడి ఊరు.

తెలుగువాడి ఆత్మగౌరవం బేగంపేట విమానాశ్రయంలో దెబ్బతింటే అది జాతికి అవమానం. తెలుగు మాదిగ ఆడమనిషి బిందె ఎత్తితే అది పొగరు. ఆ రోజుతో మనకి తెలిసొచ్చింది, ఆ "తెలుగుజాతి" అనే మాటలో మన పేట లెక్కలో లేదని. చచ్చినవాళ్ళకి డబ్బిచ్చారు, చీరాలలో ఇళ్ళిచ్చారు. బతికినవాళ్ళు ఇప్పటికీ కారంచేడు తిరిగి వెళ్ళలేదు. కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 డిసెంబరు వచ్చింది. ఇరవై మూడేళ్ళు! ఆ మధ్యలో ఎందరు సాక్షులు ముసలివాళ్ళయ్యారో, ఎందరు పోయారో. దళిత మహాసభ పుట్టింది ఆ చీరాల శిబిరంలోంచే. బొజ్జా తారకం, కత్తి పద్మారావు గార్ల లాంటివాళ్ళు నడిపిన ఆ పోరాటం లేకపోతే ఈ చిన్న పత్రిక కూడా లేదు.

మన జిల్లాకి వద్దాం. 1994లో రామారావు గారు హిందూపురంతోపాటు మన టెక్కలిలో కూడా నిలబడ్డారు. మేం అప్పటికి హైస్కూలు పిల్లలం. నేల టికెట్టుమీద కూచుని కృష్ణుడిగా చూసిన మనిషి మన ఎమ్మెల్యే అవుతాడంటే పేటంతా పండగ. గెలిపించాం. గెలిచాక హిందూపురం ఉంచుకుని టెక్కలి వదిలేశారు. చట్టం ప్రకారం ఒకటి వదలాల్సిందే, అది తప్పనడం లేదు. ఏది వదిలారో గుర్తుపెట్టుకోమంటున్నాం. వెనకబడినవాళ్ళని గుండెల్లో పెట్టుకున్నానన్న మనిషికి రాష్ట్రంలో అందరికంటే వెనకబడిన మూల ఓట్ల పెట్టె మూతపడేదాకా అక్కరకొచ్చింది.

అన్నిటికంటే అసలు ఖర్చు ఒకటుంది. ఆయన బియ్యం ఇచ్చాడు, బియ్యం పండే భూమి జోలికి పోలేదు. భూపరిమితి చట్టం 1973లో కాంగ్రెస్ చేసింది, చేసిన చేత్తోనే కన్నాలూ పెట్టింది. ఆ కన్నాలు పూడ్చే పని రామారావు పెట్టుకోలేదు. ఎలా పెట్టుకుంటాడు? ఆయన వెనక నిలబడిన మోతుబరులు ఎవరు? కరణం పోయాడు గానీ కరణం రాసిన కాగితం పోలేదు. మన చేతికి పట్టా, వాళ్ళ చేతిలో పొలం. నలభై ఏళ్ళుగా ఇదే తంతు.

ఈ మాట పుస్తకం మాట కాదు. 2011 నవంబరులో కిరణ్ కుమార్ రెడ్డి కాంగ్రెస్ ప్రభుత్వం రామారావుని మించిపోయి రూపాయికే కిలో బియ్యం మొదలెట్టింది. ఏడు నెలలు తిరిగాయి. 2012 జూన్ 12 తెల్లారి అప్పటి శ్రీకాకుళం జిల్లా, ఇప్పటి విజయనగరం జిల్లా, వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు మాలల్ని చంపారు. బాంబులు, గొడ్డళ్ళు, ఈటెలు. దేనికోసం? మడ్డువలస ప్రాజెక్టుకని ప్రభుత్వం తీసుకుని మునగకుండా మిగిలిన భూమి కోసం. ఆ భూమి మనవాళ్ళు దున్నుకుంటున్నారు, అంతే నేరం. కిలో రూపాయి బియ్యం రేషను డిపోలో ఉండగానే మనవాళ్ళు ఆ చెక్క కోసం ప్రాణాలిచ్చారంటే, బియ్యంతో తీరేది ఏదో, తీరనిది ఏదో ఇంకెవరు చెప్పాలి?

ఇంకో మాట కూడా దాచకుండా రాస్తున్నాం, మనలో కొందరికి నచ్చకపోయినా. లక్ష్మీపేటలో మనమీద పడినవాళ్ళు రెడ్లు కాదు, కమ్మలు కాదు. తూర్పుకాపులు, కాగితంమీద బీసీలు. ఎస్సీ ఎస్టీ బీసీ మైనారిటీలు అంతా ఒక్కటే అని మనం సభల్లో చెప్పే మాట కూడా లక్ష్మీపేట పొలం గట్టుమీద నిలబడలేదు. నాయకుల మాటకీ చేతకీ మధ్య కన్నాలు వెతికే మనం మన కన్నం కూడా చూసుకోవాలి. ఆ ఊళ్ళో ఆ పేద కాపులతో కూచుని మాట్లాడే పని ఇన్నేళ్ళయినా ఎంత చేశాం?

ఆ తరవాతి ముఖ్యమంత్రుల గురించి ఎక్కువ రాయక్కర్లేదు, మీరు చూసినవే. లక్ష్మీపేట కాల్చిన వేడిలోనే దళిత సంఘాలు కొట్లాడితే 2013లో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. చట్టం మనది, డబ్బు మాత్రం దారి తప్పుతూనే ఉంది. ఊరందరికీ ఇచ్చే పింఛనులోనూ పథకంలోనూ మనవాళ్ళకి వచ్చే ముక్కని తీసుకెళ్ళి సబ్‌ప్లాన్ ఖాతాలో రాసేసి, ఎస్సీలకి ఇన్ని వేల కోట్లు అని చదువుతారు. చంద్రబాబు గారు 2016లో ఎస్సీలుగా పుట్టాలని ఎవరనుకుంటారు అన్నట్టుగా మాట జారి రాష్ట్రమంతా మాట పడ్డారు. జగన్ గారు నా ఎస్సీలు, నా ఎస్టీలు అంటూ నోరారా పిలిచారు. 2024 జనవరి 19న విజయవాడలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం నిలబెట్టారు. మా పేటనుంచీ బస్సెక్కి వెళ్ళి చూసొచ్చారు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. దాన్ని మేం చులకన చెయ్యం. కానీ మన పిల్లలు పైదేశాల్లో చదువుకోవడానికి అంబేడ్కర్ పేరుమీదున్న పథకానికి 2022లో ఆయన పేరు తీసేసి తన పేరు పెట్టుకున్నదీ ఆ ప్రభుత్వమే. మద్యనిషేధం దశలవారీగా అన్నారు, 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే దుకాణం పెట్టి అమ్మింది. 2024లో వచ్చినవాళ్ళు దుకాణాలు మళ్ళీ ప్రైవేటుకిచ్చి, తొంభై తొమ్మిది రూపాయలకే క్వార్టరు అని గొప్పగా చెప్పారు. రెండు రూపాయల బియ్యంనుంచి తొంభై తొమ్మిది రూపాయల క్వార్టరు దాకా వచ్చాం. బియ్యం ఇప్పుడు ఉచితం. ప్యాకెట్టు పోయి సీసా వచ్చింది.

ముసలమ్మ పటం తియ్యమని మేం చెప్పం. ఆమె తిన్న అన్నానికి ఆమె చెప్పుకునే కృతజ్ఞత అది, దానిమీద మనకి అధికారం లేదు. ఆ రోజు లేచి వస్తుంటే ఆమే పిలిచింది. తలగడ కిందనుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఆమె పెనిమిటి పేరుమీద డీ పట్టా, మడతలు చిరిగిపోయింది, ఎనభై సెంట్లు. "ఈ బూమి ఏటైందో సూడండి బాబూ, మా ముసిలోడు పోయిందాకా అడిగీవోడు" అంది. అది ఇవాళ ఎవరి జీడితోటలో కలిసిపోయి ఉందో పేటంతా ఎరుగుదురు. ఎమ్మార్వో ఆఫీసులో అడంగల్ నకలు తియ్యడానికి దరఖాస్తు పెట్టాం. రెండుసార్లు తిప్పారు, మూడోసారి వెళ్తున్నాం.

అన్నలారా, అక్కలారా, జూన్ 12న లక్ష్మీపేట వెళ్దాం. వచ్చేటప్పుడు మీ మీ పేటల్లో పట్టా ఉండి పొలం లేనివాళ్ళ పేర్లు, పొలం ఉండి పట్టా లేనివాళ్ళ పేర్లు విడివిడిగా రాసి తీసుకురండి. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి కొన్నవాడికి హక్కు రాదు. 2023లో ఆ చట్టాన్ని సవరించి, ఇరవై ఏళ్ళు దాటితే అమ్ముకోవచ్చన్నారు. కాబట్టి పట్టా ఏ సంవత్సరానిదో తప్పకుండా వెయ్యండి. ఎవరైనా వచ్చి వేలిముద్ర అడిగితే మాకు చెప్పేదాకా వెయ్యొద్దు. సర్వే నెంబరు తెలిస్తే రాయండి. తెలీకపోతే ఏ గెడ్డ పక్కన, ఏ చెరువు కింద అని గుర్తు చెప్పండి, వెతికే పని మాది.