మందిరంలో నవ్వితే తప్పా?



పోయిన శుక్రవారం స్త్రీల కూడికలో ఒక అమ్మ నవ్వింది. భర్తను మట్టిచేసి ఇంకా మూడు నెలలు కాలేదు. సండే స్కూల్ పిల్లవాడొకడు నిలబడి, యోనా పెద్ద చేపను మింగేశాడని ఎంతో గంభీరంగా చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఊగిపోయేలా నవ్వింది. వెనక నుండి ఎవరో, "అప్పుడే నవ్వులొచ్చాయా?" అన్నారు. ఆమె తల దించేసుకుంది. మేము విన్నాము. విననట్టే పాట ఎత్తుకున్నాము. అది మా తప్పు.

మూతి ముడుచుకుని కూర్చోవడమే భక్తి అన్న అలవాటు మనకెక్కడ నుండి వచ్చిందో గానీ, బైబిల్ నుండి మాత్రం రాలేదు. ఆదికాండము 17లో అబ్రాహాము నవ్వాడు, 18లో శారా నవ్వింది. పుట్టిన బిడ్డ ఇస్సాకు పేరుకు హెబ్రీ భాషలో 'నవ్వుతాడు' అని అర్థం. అన్నానికి పిలిచినప్పుడల్లా ఆ ముసలితల్లి నవ్వునే పిలిచేదన్నమాట! సామెతలు 17:22 కూడా తీసి చదవండి.

2011లో ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు రాబిన్ డన్‌బార్ బృందం కొందరికి హాస్య వీడియోలు చూపించి, చేతికి గడ్డకట్టించిన తొడుగు వేసి చూసింది. బాగా నవ్వినవారు ఆ బాధను ఎక్కువగా ఓర్చుకున్నారు. ఒంట్లో ఎండార్ఫిన్లు విడుదల కావడమే కారణమని వారి అభిప్రాయం. అమెరికా సంపాదకుడు నార్మన్ కజిన్స్ 1964లో కీళ్లు పట్టేసి మంచాన పడ్డాడు. పది నిమిషాలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వితే రెండు గంటలు నొప్పి లేకుండా నిద్రపట్టేదని తరువాత రాసుకున్నాడు. అది ఒక మనిషి అనుభవం, అంతే. దాన్ని పట్టుకుని బీపీ, షుగరు మాత్రలు మానేయకండి. ప్రార్థన చేశాం కదా అని మానేసి ఆసుపత్రి పాలైనవారిని మేము చూశాము.

ఒకరి నత్తిని చూసి, నడకను చూసి నవ్వే నవ్వును మేము సమర్థించడం లేదు.

ఆ అమ్మకు రాత్రులు నిద్ర పట్టడం లేదని మాకు ముందే తెలుసు. దుఃఖంలో ఉన్నవారు నవ్వినంత మాత్రాన పోయినవారిని మరచినట్టు కాదు. ఆ ఒక్క నిమిషం ఆమెకు దొరికిన విశ్రాంతిని మనమే లాక్కున్నాము.

మంగళవారం సాయంత్రం మేమిద్దరం ఆమె ఇంటికి వెళ్తున్నాము. ఆ పిల్లవాణ్ణి కూడా తీసుకెళ్తాము. యోనా కథ వాడింకా అలాగే చెబుతున్నాడట.